గాజుతీగయు రైతు ప్రశ్నయు

గత మాసమున ఎఱువు బస్తాల కొఱకు సంఘ కార్యాలయమునకు వచ్చిన సభ్యులు కొందఱు నన్నొక ప్రశ్న యడిగిరి. "ఇంటింటికి గాజుతీగ వేయుదురట. అది తగిలించినచో టెలివిజనే కంప్యూటరగునట. శాస్త్రజ్ఞుడు తెరమీదికి వచ్చి మనతో మాటలాడునట. మనము చందా కట్టవచ్చునా?" అని. కట్టుడనియో, మానుడనియో ఒక్కమాటలో చెప్పుట తేలిక. కాని ఆ తీగలో పైనుండి మనకు వచ్చునది ఎంత, మననుండి పైకి పోవునది ఎంత యను లెక్క తేలనిదే చందా మాట తలపెట్టరాదని నా యభిప్రాయము. ఈ లెక్కను ప్రకటనలలో ఎవరును చెప్పుట లేదు. మనమును అడుగుట లేదు.

మొదట సంగతి యేమో చెప్పెదను. దేశములోని రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగ చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించెను. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చిరి. మన రాష్ట్రమున ఆ పని తెలంగాణ ఫైబర్ గ్రిడ్ సంస్థ చేతికి వచ్చినది. టీ-ఫైబర్ అని జనులు పిలుచుచున్నది దానినే. మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఈ తీగకు వలయు సన్నని గొట్టమును గూడ పఱచిరి. ఒకమాఱు త్రవ్వి రెండు పనులు నెఱవేర్చుట గృహస్థుడు మెచ్చదగిన పద్ధతియే. 2024 డిసెంబరు 8వ తేదీన మంత్రి శ్రీధర్ బాబుగారు కొన్ని గ్రామములలో దీనిని తొలి ప్రయోగముగా ప్రారంభించిరి. ఇంటర్నెటు, టెలిఫోను, టెలివిజను మూడును ఒకే తీగపై వచ్చుటయు, ఇంటిలోని టెలివిజను తెరనే కంప్యూటరుగా వాడుకొనుటయు ఇందలి విశేషములు.

మన పొరుగున ఆంధ్రప్రదేశమువారు ఇట్టి పనిని మనకంటె ముందే చేసిరి. వారు భూమి త్రవ్వక, విద్యుత్ స్తంభములమీదుగానే తీగ లాగిరి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఆ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితము చేసిరి. ప్రారంభమున నెలకు 149 రూపాయలకే మూడు సేవలును ఇత్తుమనిరి. చౌక యని జనులు సంతోషించిరి. చౌకయే, కాదనను.

ఇక శాస్త్రజ్ఞుడు తెరమీదికి వచ్చుట యను మాట. అదియు క్రొత్త కాదు. 2024 మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు రైతు నేస్తము అను కార్యక్రమమును ప్రారంభించిరి. రాష్ట్రములోని 2,601 రైతు వేదికలలో మొదట 110 వేదికలకు వీడియో సదుపాయము కల్పించిరి. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మంగళవారములందు రైతులతో తెరమీద ముచ్చటించుట దీని యుద్దేశము. అయిదువేల యెకరములకు ఒకటి చొప్పున కట్టిన రైతు వేదికలు, ఊరక తాళము వేసియుండుటకంటె ఇట్టి పనికి వచ్చుట ఎంతయు మేలు. ఇప్పుడు ఆ తెరయే మన ఇంటిలోనికి, మన సంఘపు గదిలోనికి రాబోవుచున్నదని చెప్పుచున్నారు. కనుకనే ఆ తెర పనిచేయు తీరు మనకు తెలిసియుండవలెను.

టెలిఫోను కంపెనీలు తమ తీగలపై బొమ్మలు నడిపింపవలెనని తలచుట నేటి కోరిక కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ అను కంపెనీ, మాటలాడువారు ఒకరి నొకరు చూచుకొనునట్టి బొమ్మ టెలిఫోనును 1970లో పిట్స్‌బర్గు పట్టణమున అమ్మకమునకు పెట్టెను. నెలకు 160 డాలర్లు కట్టవలసి యుండెను. కొన్నవారు బహు స్వల్పము. కొన్ని యేండ్లకే అది మూలబడెను. తరువాత 1980 దశకము చివర, బెల్‌కోర్ అను టెలిఫోను పరిశోధనాలయమున జోసెఫ్ లెక్‌లైడర్ అను నింజనీరు ఒక ఉపాయము కనిపెట్టెను. పాత రాగితీగపైననే ఇంటివైపు వచ్చు దారిని వెడల్పుగను, ఇంటినుండి తిరిగిపోవు దారిని ఇరుకుగను చేసినచో, చాల వేగము సాధింపవచ్చునని ఆయన చూపెను. ఎందుకట్లు? కంపెనీలవారు అప్పుడు తలచినది సినిమాలను. ఇంటివాడు ఫలానా సినిమా కావలెనని చిన్న మాట పంపును. పైనుండి పెద్ద సినిమా దిగివచ్చును. పంపువాని మాట చిన్నది, దిగివచ్చు సరకు పెద్దది. ఆ సినిమా వ్యాపారము అనుకొన్నట్లు సాగలేదు గాని, ఆ ఉపాయమే ఇంటర్నెటునకు పనికివచ్చి లోకమంతట వ్యాపించెను. మన భారత్ సంచార్ నిగమ్‌వారు 2005 జనవరిలో మొదలుపెట్టిన బ్రాడ్‌బ్యాండు నడిచినది ఈ పద్ధతిమీదనే. ఎక్స్‌చేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటిన ఊళ్లకు రాగితీగపై ఆ వేగము సాగక, పల్లెలు చాలవఱకు దానికి వెలియైనవి.

ఇంటివాడు అడుగువాడు, కంపెనీ ఇచ్చువాడు అను తలంపు తీగలోనే ఇమిడిపోయినది. సినిమా చూచువానికి దానివలన నష్టము లేదు. తన చేనిలోని తెగులును పైకి చూపింపవలసిన రైతు సంగతి మాత్రము అట్లు కాదు.

మన ప్రభుత్వపు నిర్వచనమును చూడుడు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండు విధానములో, బ్రాడ్‌బ్యాండనగా ఇరువైపుల మాటలాడుకొను సేవలకు తగినదిగా నుండవలెననియు, దిగుమతి వేగము 256 కిలోబిట్లకు తగ్గరాదనియు వ్రాసిరి. 2013లో దానిని 512కు, 2023లో 2 మెగాబిట్లకు పెంచిరి. ఇరువైపుల సేవ యని ఒక చేత వ్రాసి, రెండవ చేత దిగివచ్చు దారికి మాత్రమే కొలత పెట్టిరి. పైకి పోవు దారికి కనీస కొలతయే లేదు. అమెరికాలో 2015లోనే దిగుటకు 25, ఎక్కుటకు 3 అని రెండు కొలతలు నిర్ణయించి, 2024లో వానిని 100 గను 20 గను పెంచిరి. అక్కడను రెండు దారులు సమానము కావు. కాని ఎక్కు దారికి ఒక అంకె యున్నది. అంకె యున్నచో వినియోగదారుడు నిలదీసి యడుగగలడు.

గాజుతీగ రాగితీగవంటిది కాదు. దాని సత్తువ చాల హెచ్చు. భారత్‌నెట్‌లో వాడు పద్ధతిలో ఒక్కొక్క తీగ దిగువకు సెకనునకు రెండున్నర గిగాబిట్లు, ఎగువకు ఒకటింబాతిక గిగాబిట్లు మోయును. ఆ తీగను అనేకులు పంచుకొందురు. ఎగువకు సగమే యైనను, మన యక్కఱకు అది పుష్కలము. కావున ఇప్పుడు ఇరుకు చేయునది తీగ కాదు. ఆ తీగమీద మనకమ్ము పథకము, పంచాయతీనుండి ఇంటికి చేర్చు కొస ముక్క, తెరకు ఆవలివైపున కూర్చున్నవారి యలవాటు, ఈ మూడును. నిజాంసాగరు కాలువక్రింద సాగుచేయు మనకు ఇది చెప్పనక్కఱలేదు. 1923లో మొదలై 1931 నాటికి పూర్తియైన ఆ ప్రాజెక్టున మంజీర నీరు ఎంత నిండియున్నను, తూము తిరుగక, పంటకాలువ పూడికతీయక యున్నచో చివరి మడికి తడి రాదు. చివరి మడి రైతు బోధనులో కూర్చున్నవానికి కబురంపు దారియు అట్లే యుండవలెను.

ఇక నా కన్నులయెదుట జరిగిన దొకటి చెప్పెదను. ఊరిపేరు, సభపేరు చెప్పను. కొంతకాలము క్రిందట ఒకచోట తెరసభ జరిగినది. ఒక పెద్దరైతు తన పసుపుచేనినుండి ఒక మొక్కను వేరుతోసహ పెఱికి, తడిగోనెలో చుట్టి తెచ్చెను. కెమెరా తెరపైన గోడకు బిగింపబడి కుర్చీలవైపు చూచుచుండెను. ఆయన ముందునకు పోయి ఆకు నెత్తి చూపెను. వెనుక కిటికీ వెలుతురు. ఆవలివారికి ఆకు పచ్చబారినట్లు మాత్రము కనబడినది. సూక్ష్మధాతు లోపము కావచ్చునని చెప్పి, తరువాతి ప్రశ్నకు పోయిరి. ఆయన నావైపు తిరిగి, "సారూ, ఆకు జూసి ఏం జెప్తరు? గడ్డ జూడాలె గదా," అనెను. నేను నవ్వి యూరకుంటిని. అప్పుడు లేచి, కాకా, ఆగు, గడ్డ కోసి చూపుదమని చెప్పవలసినవాడను. సభామర్యాద యని కూర్చుండిపోతిని.

ఆయన ఇనుపధాతువు పిచికారి చేసెను. ఎనిమిది దినములు గడచినవి. అది దుంపకుళ్లు. పల్లపు మూలనుండి బయలుదేఱి అరచేనికి ప్రాకినది. నేను పోయి చూచునప్పటికి ముఱుగు తీయుటకును, మందు పోయుటకును వేళ మించినది.

పసుపు సాగుచేయు మీలో చాలమందికి ఈ భేదము తెలియును, క్రొత్తవారికొఱకు వ్రాయుచున్నాను. ఇనుప లోపమైనచో లేత ఆకులు ముందు పాలిపోవును, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. సున్నపుపాలు హెచ్చైన నేలలో ఇది తఱచు. దుంపకుళ్లైనచో అడుగు ఆకులు అంచులనుండి ఎండుచు రాగా, కాండము మొదలు నీరుపట్టినట్లు మెత్తబడును. పట్టి లాగినచో మొక్క సులభముగా చేతికి వచ్చును. దుంప కోసినచో నారింజ వన్నె పోయి గోధుమ వన్నె కనబడును, దుర్వాసన వచ్చును. దూరమునుండి చూచిన పొలము రెంటను పసుపుపచ్చగనే యుండును. కావున ఆకు బొమ్మ ఎంత చక్కగా పైకి పోయినను చాలదు. మొదలు చూపవలెను, దుంప కోసి చూపవలెను, వాసన ఎట్లున్నదో నోట చెప్పవలెను. వాసనను మోయు తీగ ఇంకను పుట్టలేదు.

వరిలో సుడిదోమయు నంతే. అది దుబ్బు మొదట నీటికి కొంచెము పైన కూర్చుండును. గట్టుమీదినుండి తీసిన బొమ్మలో చేను నిగనిగలాడుచుండును. దుబ్బులను చీల్చి మొదళ్లకు ఫోను దించినప్పుడే అది చిక్కును. బొమ్మలో మాడిన సుడి కనబడునప్పటికి పంట చేయిదాటియుండును. చెఱకు ఎఱ్ఱకుళ్లునకు గడను నిలువున చీల్చి చూడవలెను; ఎఱ్ఱబడిన కండలో అడ్డముగా తెల్లమచ్చలు, సారావంటి పులిసిన వాసన దాని గుఱుతులు. ఇవన్నియు కెమెరాకు కాళ్లు కలిగి చేనిలోనికి పోయినప్పుడు చూపదగినవి. గోడకు బిగించిన కెమెరాకు చూపదగినవి కావు.

చెఱకు మాట వచ్చినది గనుక మఱియొకటి. 1937లో నిజాం ప్రభుత్వము బోధను శక్కర్‌నగరులో స్థాపించిన చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు చేతులలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. సారంగాపూరులోని మన సహకార చక్కెర కర్మాగారము అంతకుముందే మూతపడియుండెను. నష్టమును లెక్కించువారు కార్మికుల జీతములను, రైతుల చెఱకును, యంత్రముల వెలను లెక్కించిరి. లెక్కకు రాని దొకటి కలదు. కర్మాగారము నడచిన దినములలో దాని ఫీల్డుమెన్ సైకిలు మీదనో, మోటారు సైకిలు మీదనో చేనుచేనునకు తిరిగెడివారు. కటింగు ఆర్డరు కొఱకు వారివెంట మనము తిరిగితిమన్నది నిజమే. వారిమీద మన ఫిర్యాదులును తక్కువ కావు. అయినను నాటిన తేది, విత్తనపు రకము, ఏ మూల ఎఱ్ఱకుళ్లు పొడసూపినది, ఏ మడిలో నీరు నిలిచినది అన్నది ఒకరి పుస్తకములో ఎక్కెడిది. ఆ పుస్తకము ఫ్యాక్టరీకి, అటనుండి రుద్రూరు పరిశోధనా క్షేత్రమునకు మాట మోసెడిది. చెఱకు తీసి వరి, సోయా, మొక్కజొన్నలకు మరలిన రైతునకు అట్టి తిరుగు మనిషి లేడు. మావంటి వ్యవసాయ ప్రదర్శకుల క్రింద ఒక్కొక్కరికి వేలకొలది యెకరములు. ఆ ఖాళీలోనికి ఇప్పుడు తెర వచ్చుచున్నది. అది ఫీల్డుమన్ చోటును నింపునా, లేక మందుల దుకాణపు ప్రకటన బల్ల చోటును నింపునా యన్నది ఇంకను తేలలేదు.

బొమ్మచూపి బోధించుట మన దేశమున ఒకమాఱు పెద్దయెత్తున జరిగియున్నది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31 వఱకు, అమెరికావారి యుపగ్రహము నొక సంవత్సరము ఎరవు తెచ్చుకొని, ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము ఒకటి. తెలుగులోనే వ్యవసాయము, ఆరోగ్యము గూర్చి చెప్పిరి. ఊరంతయు ఒకచోట చేరి చూచినారు. అది గొప్ప ప్రయత్నమని నేనొప్పుకొందును. కాని పల్లెలోని పెట్టెకు నోరు లేదు. విన్నవానికి కలిగిన సందేహము అక్కడనే యుండిపోయెను. నాటికి అంతకంటె సాధ్యము కాదు. నేడు సాధ్యమైయుండి గూడ అట్లే చేయుదుమా?

నేను చదివిన మిషన్ బడిలో పాత మాయాదీపపు పెట్టె యొకటి బీరువామీద దుమ్ముపట్టి యుండెడిది. వెనుకటి కాలమున ప్రచారకులు దానిని బండిమీద వేసికొని పల్లెలకు పోయెడివారని మా పెద్ద మాస్టరుగారు చెప్పిరి. అద్దపు బొమ్మలు ఇరువదికి మించి యుండెడివి కావట. బొమ్మలు అరగంటలో ముగిసినను ప్రచారకుడు నడిరేయి దాకా ఊరు కదలలేకపోయెడివాడట, అడుగువారు అంతమంది. ఈ సంగతిని ఆయన నవ్వుచు చెప్పెడివారు. నేటి తెరసభలను చూచునప్పుడెల్ల నాకది గుర్తునకు వచ్చుచుండును.

ఇచట ఒక యాక్షేపణ వచ్చును. "ప్రతి పిల్లవాని జేబులో ఫోనున్నది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినది మొదలు డేటా కారుచౌక. బొమ్మ తీసి నీకే పంపుచున్నాము గదా, సంఘమునకు తీగ యెందుకు?" అని. ఇది మంచి ప్రశ్న. నిజముగా నేడు మన జిల్లాలో జరుగుచున్న ఇరువైపుల వీడియో సేవ ఇదియే. తెల్లవారుసరికి నా ఫోనునకు ఇరువది ముప్పది బొమ్మలు వచ్చియుండును. కొందఱు చేనిలోనుండియే వీడియో పిలుపు చేయుదురు. "ఇంకొంచెము క్రిందికి దించు, ఆకు తిరుగవేయు" అని నేను చెప్పగలుగుదును. ఇది గోడ కెమెరా సభకంటె నూఱురెట్లు మేలు. పెద్ద పథకములు వేయువారు దీనిని గమనించినచో బాగుండును.

కాని ఇందులో లోపమున్నది, అది నా లోపమే. ఆ బొమ్మలు నా ఫోనులో నున్నవి, సంఘమునకు లేవు. నాకు బదిలీ యైననాడు అవి నాతో వెళ్లిపోవును. రెంజలులో ఒకరు అడిగిన ప్రశ్నను ఎడపల్లిలో మఱియొకరు మరల అడుగుదురు. మొదటివానికి చెప్పిన మందు పనిచేసినదో లేదో రెండవవానికి తెలియదు. నాకు తెలియని తెగులైనప్పుడు రుద్రూరునకో, పసుపైనచో కమ్మర్‌పల్లి పరిశోధనా కేంద్రమునకో పంపుదును. వారు తీరికయైనప్పుడు చెప్పుదురు. రుద్రూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమునది, కమ్మర్‌పల్లి ఉద్యాన విశ్వవిద్యాలయమునది. రైతు చేనిలో వరియు పసుపును ప్రక్కప్రక్కనే యుండును గాని, తెరమీద అవి రెండు వేర్వేఱు సభలు. ఇక ఫోనులో తమంత తాము వచ్చిపడు వీడియోల సంగతి చెప్పనేల? అందు మంచివి లేకపోలేదు. కాని ఏది విశ్వవిద్యాలయపు మాటయో, ఏది సీసా అమ్ముకొనువాని మాటయో తెలిసికొనుట చదువుకొన్నవానికే కష్టముగా నున్నది.

ఇరువైపుల దారి యున్నచో ఏమి జరుగునో చూపుటకు మన నిజామాబాదు మార్కెటు యార్డే చాలును. 2016 ఏప్రిలు 14న జాతీయ వ్యవసాయ మార్కెటు ప్రారంభమైనప్పుడు తొలుత చేరిన 21 యార్డులలో మనదొకటి. కాడి, గోళ రాశుల వివరము తెరమీదికి ఎక్కును, ధర తెరమీదినుండి దిగును. ఎక్కునది లేనిచో దిగునది లేదు. దానిలోను ఇబ్బందులు లేకపోలేదు గాని, సరకు వివరము పైకి పంపకయే ధర చెప్పుమని ఎవరును అడుగరు. తెగులు విషయమున మాత్రము మొక్కను చూడకయే మందు చెప్పుటను మనము సహించుచున్నాము.

కావున నా సూచన యిది. చందా ఇంటింటికి వేఱుగా కట్టుట మానరాదుగాని, దానికి తొందర లేదు. మొదటి చందాదారు సంఘమే కావలెను. మన వంటి 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2022 జూన్‌లో కేంద్రము 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించియున్నది. సంఘములకు యంత్రము, తీగ ఎట్లును తప్పవు. ఆ తీగ ఋణపు ఖాతాలకు మాత్రమే యేల పరిమితము కావలెను? చందా కట్టుటకు ముందు కంపెనీవారిని ఎగుమతి వేగ మెంతయో కాగితముమీద అడుగవలెను. స్పష్టమైన కదలు బొమ్మ పైకి పోవుటకు రెండు మెగాబిట్లయినను నిలుకడగా కావలెను. "ఇంతవఱకు" అను మాటతో చెప్పు వేగము మనకక్కఱలేదు. ఎంతకు తగ్గదో అది చెప్పవలెను. తీగ తెగినచో ఎన్ని దినములలో అతుకుదురో, అతుకనిచో చందాలో ఎంత తగ్గింతురో వ్రాయించుకొనవలెను. రోడ్డు వెడల్పు చేయు యంత్రము ఒక్కమాఱు తీగను తెంపినచో ఏమగునో మనకు తెలియనిది కాదు.

సంఘము ఒక మంచి కెమెరాగల ఫోనును తన సొత్తుగా కొని, చదువుకొన్న మన సభ్యుల పిల్లలలో ఒకరికి, ఆడపిల్లయైనచో మఱియు మంచిది, కొద్దిపాటి భృతి యిచ్చి అప్పగింపవలెను. ఆడపిల్ల యని యేల యంటినన: నాట్లు వేయువారు, కలుపు తీయువారు, పసుపు తవ్వువారు చాలవఱకు స్త్రీలు. తెగులును మొదట చూచునది వారు. పది గంటల వేళ కుర్చీలలో కూర్చుండునది మాత్రము పురుషులు. ఆ పిల్ల చేనిలోనికి పోయినచో, చూచినవారే చెప్పుదురు.

ప్రతి ప్రశ్నకు ఒక పుస్తకము పెట్టవలెను: ఎవరు, ఏ పంట, ఏ దినమున అడిగిరి, బొమ్మ సంఖ్య, ఎవరు ఏమి జవాబు చెప్పిరి, చేసినమీదట ఏమైనది. కడపటి గడియే ముఖ్యము. ఈ పుస్తకము, ఈ బొమ్మలు సంఘపు సొత్తుగా నుండవలెనేగాని, కంపెనీకిగాని, మందుల వ్యాపారికిగాని సభ్యుల యనుమతిలేక ఇవ్వరాదు. రైతు చేనిలోని తెగులు ఎక్కడ బయలుదేఱినదో ముందుగా తెలిసినవానికి ఆ వార్త రొక్కమే. పరిశోధనా క్షేత్రమువారికి మాత్రము దీనిని సంతోషముగా ఇయ్యవలెను. మన మాట పైకి పోవుటకు అంతకంటె మంచి దారి లేదు. 2025 జనవరిలో ప్రారంభమై నిజామాబాదే కేంద్రముగా నున్న పసుపు బోర్డువారు కూడ ఇట్టి పుస్తకమును చూడగోరవచ్చును.

ఇందులో కొంత ఖర్చున్నది. నెల చందా, ఫోను వెల, భృతి. రిజర్వు నిధిని ముట్టవద్దని కార్యవర్గములోని పెద్దలు ఇద్దఱు నాతో ముందే చెప్పిరి. వారి జాగ్రత్తను నేను గౌరవింతును. వడ్డీ లాభమునుండి పెట్టవచ్చునా యన్నది ఆడిటరు చెప్పవలసిన మాట. కాని దుంపకుళ్లునకు ఎనిమిది దినములు పోగొట్టుకొన్న ఆ పెద్దరైతు అరచేని వెల యెంతయో ఆయనను అడిగి తెలిసికొంటిని. అది ఒక ఫోనుకంటె చాల హెచ్చు.

ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశపు విషయపట్టికలో చేర్చవలసినదిగా కార్యదర్శిగారిని కోరియున్నాను. అంతకు ముందొక పరీక్ష చేయుదము. ఒక వారముపాటు తాత్కాలికముగా కనెక్షను తగిలించి చూపుడని కంపెనీవారిని అడుగుదము. ఆ వారములో తెగులు తగిలిన చేను గల సభ్యులు మొక్కను వేరుతోసహ, మన్ను దులుపక, తడిగోనెలో చుట్టి సంఘ కార్యాలయమునకు తేవలెను. కోయుటకు కత్తి నేను తెచ్చెదను. ఆవలివైపున కూర్చున్నవారు మొదలు చూపుమని మనల నడిగినచో తీగ పనికివచ్చునది. అడుగనిచో, ఈమాఱు నేను ఊరకుండను.